ఇంగ్లిష్ వ్యాకరణాన్ని సరిచేయగలమా?



కరీంనగర్, ఆదిలాబాద్ వైపు బడుల్లో ఇంగ్లిష్ చెప్పే టీచర్లను ఎవరిని కదిపినా, పిల్లలు అడిగే ప్రశ్నలు కొన్ని తప్పకుండా చెబుతారు. ‘ఐ గో, యు గో, దే గో అన్నప్పుడు ఏం లేదు గద సార్, హీ కాడికి రాంగనే గోస్ ఎందుకైంది?’ ‘వాక్ పోయి వాక్ట్ అయినప్పుడు, గో పోయి గోడ్ కావాలె గద, వెంట్ యాడికెళ్లి వచ్చింది?’ ‘బుక్స్ అన్నరు, మరి ఫుట్స్ అంటే ఎందుకు తప్పు?’

ఇవి తెలివిగల ప్రశ్నలు. ఒక నియమం పెడితే అది అన్నిచోట్లా ఒకేలా నడవాలని కోరుకునే బుద్ధిలోంచి వచ్చిన ప్రశ్నలు. లెక్కల క్లాసులో ఇదే బుద్ధిని మెచ్చుకుంటాం. ఇంగ్లిష్ క్లాసులో మాత్రం ‘అదంతే, బట్టీ పట్టు’ అని కూర్చోబెడతాం. ఈ ప్రశ్నలకు జవాబులున్నాయి. ఆ జవాబులు చాలామటుకు పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలోనే దొరుకుతాయి. ఈ పూట మీతో ఆ సంగతే చెప్పుకోవాలని వచ్చాను.

ముందు ఒక పెద్ద ప్రశ్న. ఇన్ని చిక్కులున్నప్పుడు, నిపుణులు నలుగురు కూర్చుని ఇంగ్లిష్ వ్యాకరణాన్ని తర్కానికి నిలిచేలా మళ్లీ రాయకూడదా? ఈ ఆలోచన కొత్తది కాదు. 1668లో ఇంగ్లండులో జాన్ విల్కిన్స్ అనే మతాచార్యుడు లోకంలోని వస్తువులనూ భావాలనూ వర్గాలుగా విడదీసి, మాటను చూడగానే అది ఏ వర్గానిదో తెలిసిపోయే ఒక తాత్విక భాషను తయారుచేశాడు. పండితులు మెచ్చుకున్నారు, మాట్లాడినవాళ్లు మాత్రం లేరు. 1887లో జామెన్‌హోఫ్ అనే కంటి డాక్టరు ఎస్పెరాంటో భాషను లోకం ముందు పెట్టాడు. దాని వ్యాకరణమంతా 16 నియమాలు. నామవాచకం ఏదైనా ‘ఓ’తో ముగుస్తుంది. క్రియలకు మినహాయింపులు లేవు. ఈనాటికీ దాన్ని ప్రేమగా మాట్లాడేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. కానీ ఇంగ్లిష్ స్థానంలోకి అది రాలేదు.

1930లో సి.కె. ఆగ్డెన్ అనే పండితుడు ఇంకో దారి పట్టాడు. కొత్త భాషను కల్పించకుండా, ఉన్న ఇంగ్లిష్‌నే కుదించాడు. మొత్తం 850 మాటలు. అందులో క్రియలు 18 మాత్రమే. దానికి బేసిక్ ఇంగ్లిష్ అని పేరు. 1943లో హార్వర్డ్‌లో మాట్లాడుతూ చర్చిల్ అంతటివాడు దాన్ని సమర్థించాడు. అయినా అది నిలవలేదు. ఎందుకని? క్రియలు తగ్గించగానే, మిగిలిన కొద్ది క్రియల మీద భారమంతా పడింది. గెట్, పుట్, టేక్ లాంటి మాటలకు అప్, ఆఫ్, విత్ చేర్చి పని గడపాల్సి వచ్చింది. పుట్ అంటే తెలుసు, అప్ అంటే తెలుసు, విత్ అంటే తెలుసు. ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం అని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. బయట నుంచి చూస్తే భాష సులువైంది, నేర్చుకునేవాడికి కష్టం మాత్రం తగ్గలేదు.

భాష పల్లెలోని తొవ్వ లాంటిది. పొలం గట్ల వెంబడి, చెట్ల పక్క నుంచి, నీళ్లున్నచోట ఒంపు తిరిగి, తరతరాలుగా నడిచిన కాళ్లు వేసిన దారి అది. స్కేలు పెట్టి గీత గీసినంత మాత్రాన జనం ఆ గీత మీద నడవరు. నడిచేవాళ్లు మారినప్పుడే తొవ్వ మారుతుంది.

ఇంగ్లిష్ అట్లాగే మారుతూ వచ్చింది. ఒకప్పుడు కన్ను బహువచనం ‘ఐయన్’, ఇప్పుడది ‘ఐస్’. ‘హెల్ప్’కు భూతకాలం ‘హోల్ప్’ అనేవాళ్లు, ఇప్పుడు ‘హెల్ప్‌డ్’ అంటున్నారు. పాత ఇంగ్లిష్‌లో ‘బుక్’ కూడా ‘ఫుట్’లాగా లోపలి అచ్చు మార్చుకుని బహువచనమయ్యేది. ఏ సంఘమూ తీర్మానం చేయకుండానే వేలాది నోళ్లలో పడి ఆ మాటలు దారికొచ్చాయి. నువ్వు, మీరు అన్న తేడా కూడా ఒకప్పుడు ఇంగ్లిష్‌లో ఉండేది. నువ్వుకు ‘దౌ’, మీరుకు ‘యు’. పదిహేడో శతాబ్దంలో ‘దౌ’ మామూలు మాటల్లోంచి తప్పుకుంటూ పోయి, చివరికి ఒక్క ‘యు’ మిగిలింది. నియమాలు తగ్గాయి, కానీ మనకు ఇంతవరకూ పనికొస్తున్న ఒక మర్యాద ఆ భాషకు లేకుండా పోయింది.

తర్కం పేరుతో పైనుంచి వేసిన నియమాలు ఏం చేశాయో కూడా చూడాలి. పద్దెనిమిదో శతాబ్దంలో రాబర్ట్ లౌత్ అనే మతాచార్యుడు రాసిన వ్యాకరణం, రెండు వ్యతిరేకార్థాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని అనుకూలార్థం అవుతాయని చెప్పింది. లెక్కల్లో అది నిజమే. కానీ ఇంగ్లిష్ ఆదికవి చాసర్ మొదలుకొని పల్లెజనం దాకా రెండేసి, మూడేసి వ్యతిరేక పదాలు వాడి ‘లేదు’ అన్న మాటను గట్టిచేసేవారు. వినేవాడికి ఏనాడూ సందేహం రాలేదు. ఆ నియమం వచ్చాక భాష స్పష్టమైందేమీ లేదు. పల్లెవాళ్ల మాట, కూలివాళ్ల మాట తప్పుల లెక్కలో చేరింది, అంతే.

ఈ బాధ మనకు పరాయిది కాదు. మన ఉత్తర తెలంగాణలో ‘వచ్చిండు’ అన్న పిల్లవాణ్ని ‘వచ్చాడు అనాలి’ అని బడిలో దిద్దిన రోజులు చాలామందికి గుర్తే. రెండు మాటలూ పుట్టింది ‘వచ్చినాడు’ అన్న ఒక్క రూపంలోంచే. ఒక ప్రాంతంలో నోరు ఒక తీరుగా కుదించింది, ఇంకో ప్రాంతంలో ఇంకో తీరుగా కుదించింది. ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అనడానికి వ్యాకరణంలో ఏ ఆధారమూ లేదు. ఏ ప్రాంతపు మాట పుస్తకాల్లోకి ముందు ఎక్కిందన్నదే తేడా. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులు హెన్రీ స్వీట్ లాంటి ఇంగ్లండు భాషావేత్తల పుస్తకాలు చదివి, జనం మాట్లాడే భాషకు నియమాలు లేవనడం అబద్ధమని నిలబడి వాదించారు. సవర జనం దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. పిల్ల మాట్లాడే ప్రతి మాట వెనకా ఒక వ్యాకరణం ఉంటుంది. ఇంగ్లిష్ టీచరు మొదట నమ్మాల్సింది ఈ మాటనే.

ఇప్పుడు పిల్లలు అడిగిన ప్రశ్నలకు వద్దాం.

గోకు వెంట్ ఎట్లా వచ్చింది? వెంట్ అనేది ‘వెండ్’ అనే వేరే క్రియకు భూతకాలం. వెండ్ అన్నా వెళ్లడమే. రెండు క్రియలు కలిసిపోయి ఒకటయ్యాయి. ‘ఇదేం అన్యాయం’ అనే పిల్లకు ఆమె తెలుగునే చూపించండి. ‘వస్తాడు’ అంటాం, కాదనాలంటే ‘రాడు’ అంటాం. ‘వచ్చిండు’, కాదంటే ‘రాలేదు’. ‘వచ్చు’కూ ‘రా’కూ పైకి చూస్తే ఏమన్నా పోలిక ఉందా? మూడేళ్ల పిల్లకు కూడా ఇందులో తడబాటు లేదు. రోజూ నోట్లో నలిగే మాటల్లోనే ఇట్లాంటి పాతరూపాలు బతుకుతాయి. అరుదుగా వాడే మాటలు నియమంలోకి వచ్చేస్తాయి, అందరూ పొద్దస్తమానం వాడేవి పాత రూపాన్ని వదలవు. ఇంగ్లిష్‌లోనూ అదే జరిగింది.

ఫుట్ ఎందుకు ఫీట్ అయింది? వెనకటి రోజుల్లో ఆ బహువచనం చివర ‘ఇ’ శబ్దం ఉండేది. అది తన ముందున్న అచ్చును తనవైపు లాక్కుని, తర్వాత తాను రాలిపోయింది. తెలుగులో ‘కత్తి’కి ‘లు’ చేరితే ‘కత్తిలు’ కాదు, ‘కత్తులు’. ‘లు’లోని ఉకారం వెనక్కి పోయి ‘త్తి’ని ‘త్తు’ చేసింది. పులి పులులైనా, గిన్నె గిన్నెలైనా ఏది మారుతుందో, ఏది మారదో పిల్లలకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. ముందు అచ్చును వెనక అచ్చు మార్చడమనే పని వాళ్లకు చిన్ననాటి నుంచి అలవాటే.

ఇక ఆ ‘స్’ సంగతి. ‘హీ గోస్’ అంటాం. ప్రశ్న అడిగితే ‘డజ్ హీ గో’. కాదంటే ‘హీ డజ్ నాట్ గో’. మూడు వాక్యాలనూ నల్లబల్ల మీద ఒకదాని కింద ఒకటి రాసి చూపించండి. ప్రతి వాక్యంలోనూ ఆ గుర్తు ఒక్కసారే వస్తుంది, అదీ మొదట నిలబడ్డ క్రియ మీదనే. డూ వచ్చి ముందు నిలబడగానే గో మీది గుర్తు డూ మీదికి పోయి డజ్ అయింది. ఈ ఒక్క మాట అర్థమైతే ‘డజ్ హీ గోస్’ అనే తప్పు దానంతటదే పోతుంది. మరి ఆ డూ ఎందుకు? మనం వాక్యం చివర ‘ఆ’ పెట్టి ‘వస్తాడా’ అని అడుగుతాం. ఇంగ్లిష్‌లో ప్రశ్న గుర్తు వాక్యం మొదట్లో ఉండాలి. సాయం చేసే క్రియ ఉంటే అదే ముందుకొస్తుంది: ‘ఈజ్ హీ కమింగ్’. లేకపోతే డూను అరువు తెచ్చుకుంటుంది. షేక్‌స్పియర్ కాలంలో డూ లేకుండా కూడా ప్రశ్నలు అడిగేవాళ్లు, క్రమంగా డూ స్థిరపడింది.

ఇంగ్లిష్ మనకంటే తేలికగా ఉన్న చోట్లు కూడా చెప్పాలి, పిల్లలకు ధైర్యం వస్తుంది. తెలుగులో వచ్చిన, వచ్చినవ్, వచ్చిండు, వచ్చింది, వచ్చిన్రు, వచ్చినయ్ అని ఎన్ని రూపాలు! ఇంగ్లిష్‌లో అందరికీ కలిపి ‘కేమ్’ ఒక్కటే. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న పెద్దలకు ఇంకో సంగతి తెలుసు. ఉర్దూలో కితాబు స్త్రీలింగం, ప్రాణం లేని ప్రతి వస్తువుకూ లింగం గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లిష్‌లో ఆ బాధ లేదు.

ఏ భాషకైనా కొన్ని చోట్ల చూపు చురుకు, కొన్ని చోట్ల మందం. పాత కరీంనగర్ జిల్లా వంగర నుంచి ఢిల్లీ దాకా వెళ్లిన పీవీ నరసింహారావు గారు బహుభాషావేత్త. ఆయన మన దేశానికి ఎన్నో ప్రధానమంత్రి? తొమ్మిదో ప్రధానమంత్రి. తెలుగులో ‘ఎన్నో’ అన్న ఒక్క మాటతో అడిగిన ఈ ప్రశ్నను ఇంగ్లిష్‌లో అడగాలంటే చుట్టూ తిరగాలి. మేము, మనం అన్న తేడా ఇంగ్లిష్ ‘వుయ్’లో లేదు. ‘వుయ్ విల్ పే’ అని అవతలివాడంటే, ఆ కట్టేవాళ్లలో నేనున్నానా లేనా? తెలుగు ఒక్క మాటలో తేల్చేస్తుంది.

తెలుగులోనూ ముడులున్నాయి. ఏకవచనంలో ‘అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది’ అని స్త్రీని వస్తువుతో కలుపుతాం. బహువచనంలోకి రాగానే ‘అమ్మలు వచ్చిన్రు, బస్సులు వచ్చినయ్’ అని విడదీస్తాం. ఆదిలాబాద్ అడవుల్లో మాట్లాడే గోండీలో, కొలామీలో ఈ తిరకాసు లేదు. అక్కడ మగవాళ్లది ఒక వర్గం, మిగతావన్నీ ఒక వర్గం, ఏకవచనంలోనైనా బహువచనంలోనైనా అంతే. తెలుగూ గోండీ ద్రావిడ భాషల్లో ఒకే ఉపశాఖకు చెందినవి, కొలామీది పక్క ఉపశాఖ. అయితే కొలామీలో రెండు, మూడు, నాలుగు అనే లెక్కలకు మాత్రం మగవాళ్లకు ఒక రూపం, ఆడవాళ్లకు ఒక రూపం, వస్తువులకు ఒక రూపం ఉన్నాయి. 1950లో పి. సేతుమాధవరావు గారు, 1955లో ఎం.బి. ఎమెనో ఈ భాషకు వ్యాకరణాలు ప్రచురించారు. ఇట్లాంటి నిర్మాణాన్ని మనసులో మోస్తున్న కొలాం పిల్ల తెలివి తక్కువది ఎట్లా అవుతుంది? ఆ పిల్ల బడికొచ్చి తెలుగు నేర్చుకోవాలి, తెలుగు కుదురుకోకముందే ఇంగ్లిష్ నేర్చుకోవాలి. ఆమె చేసే తప్పుల్లో ఒక భాష నియమాన్ని ఇంకో భాషకు వర్తింపజేయడం వల్ల వచ్చేవి చాలా ఉంటాయి. టీచరుకు ఆ నియమం తెలిస్తే తప్పు ఎక్కడిదో తెలుస్తుంది, దిద్దడం తేలికవుతుంది.

అయితే ఇంగ్లిష్‌ను తిరిగి మలచడం అన్నది ఎక్కడా పనిచేయలేదా అంటే, ఒకచోట చక్కగా పనిచేసింది. విమానాల మరమ్మతు పుస్తకాల కోసం యూరప్ విమాన పరిశ్రమ 1986లో ఒక సులభ సాంకేతిక ఇంగ్లిష్‌ను నిర్దేశించింది. అందులో ఒక మాటకు ఒకే అర్థం. ‘క్లోజ్’ అంటే మూయడమే, దగ్గర అన్న అర్థంలో వాడకూడదు. ‘ఫాలో’ అంటే వెనక రావడమే, పాటించడం కాదు. వాక్యాలు పొట్టిగా ఉండాలి, చేయాల్సిన పని నేరుగా చెప్పాలి. విమానం బాగుచేసే మనిషికి ఇంగ్లిష్ సొంత భాష కాకపోవచ్చు, వాక్యం రెండు విధాలుగా అర్థమైతే ప్రాణాలు పోతాయి. అందరూ మాట్లాడే భాషను అది మార్చలేదు. ఒక పనికి, ఒక పుస్తకానికి హద్దు గీసింది. అందుకే నిలిచింది.

మన రామగుండం విద్యుత్ కేంద్రంలో, సింగరేణి గనుల్లో యంత్రాల పక్కన నిలబడే యువకులకు కావాల్సింది ఇట్లాంటి ఇంగ్లిష్. గల్ఫుకు పోయే జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పిల్లలకు ఇంకా ఎక్కువ కావాలి. అక్కడ వాళ్లు ఫిలిప్పీన్స్ మేస్త్రీతోనో, ఈజిప్టు మేనేజరుతోనో ఇంగ్లిష్ ముక్కల్లో మాట్లాడుకోవాలి. ఇద్దరికీ అది పరాయి భాషే. వియన్నా విశ్వవిద్యాలయంలో బార్బరా సైడ్‌ల్‌హోఫర్ ఇట్లాంటి మాటలనే పరిశీలించి, ‘హీ గోస్’ బదులు ‘హీ గో’ అన్నందువల్ల అర్థం చెడిపోవడం లేదని చెప్పారు. ఇంగ్లండులోని నార్ఫోక్ పల్లెల్లోనూ ఆ ‘స్’ లేకుండానే మాట్లాడతారు. అర్థం నిజంగా చెడిపోయేది ఇంకోచోట. ఒప్పంద పత్రంలో ‘షల్’ ఉంటే కంపెనీ ఇచ్చి తీరాలి, ‘మే’ ఉంటే ఇష్టమైతే ఇస్తుంది. ఆ ఒక్క మాటలో మనవాడి జీతం, తిరుగు టికెట్టు ఇమిడి ఉంటాయి. మన పాఠాల్లో ‘స్’ కోసం పెట్టే సమయంలో కొంతైనా ‘షల్’, ‘మే’, ‘మస్ట్’ కోసం పెట్టాలి.

అంటే ‘స్’ నేర్పొద్దని కాదు. పరీక్షలో మార్కులు పోతాయి, ఇంటర్వ్యూలో ఉద్యోగం పోతుంది. తప్పక నేర్పాలి. కానీ అది ఆ భాష ఆచారమని చెప్పి నేర్పాలి. అది రాని పిల్లకు తెలివి లేదన్నట్టు నేర్పకూడదు.

2022–23 విద్యాసంవత్సరం నుంచి మన సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉండే పుస్తకాలు వచ్చాయి. చాలా మంచి పని. ఇక టీచరు ఆ రెండు పేజీల నడుమ వంతెన కట్టాలి. వాక్యాన్ని రెండు భాషల్లో పక్కపక్కన పెట్టి, క్రియ ఎక్కడికి జరిగింది, ప్రశ్న గుర్తు ఎక్కడ ఉంది, ‘లో, మీద, నుంచి’ లాంటివి మాట వెనక ఉన్నాయా ముందు ఉన్నాయా అని పిల్లల చేతనే చెప్పించాలి. నియమంలో నడిచేవి ముందు, మినహాయింపులు తర్వాత, ప్రతి మినహాయింపుకూ దాని కథ. ఇందుకు కొత్త ఖర్చు లేదు.

ఆదివాసీ పల్లెల్లో ఇందుకు దారి ఎప్పుడో పడింది. 1940లో జోడేఘాట్‌లో, నిజాంపై తిరగబడ్డ గోండు నాయకుడు కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన సలహాతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది, దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చయ్యాయి. తెలిసిన భాషలో మొదలుపెట్టి, తెలియని భాషకు తీసుకుపోవడమే అక్కడి పద్ధతి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఇప్పుడు గోండీ, తెలుగు, ఇంగ్లిష్ మూడూ ఒకే పేజీలో అచ్చువేయగల సాధనం మన చేతిలో ఉంది. ఉట్నూరు, జైనూరు వైపు బడులకు అట్లాంటి పుస్తకాలు కావాలని మనం అడగాలి.

టీచర్లకు నా విన్నపం ఒక్కటే. ‘గోడ్ అంటే ఎందుకు తప్పు’ అని అడిగిన పిల్లను నలుగురిలో మెచ్చుకోండి, జవాబు చెప్పండి, తెలియకపోతే కలిసి వెతకండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఇంగ్లిష్ రావాలని ఇంట్లో తెలుగునో, గోండీనో, కొలామీనో, ఉర్దూనో మాన్పించకండి. మీరు మాట్లాడే భాషతోనే మీ పిల్ల ఇంగ్లిష్‌ను అర్థం చేసుకుంటుంది. ఇంగ్లిష్ వ్యాకరణాన్ని తిరగరాయడం మన చేతిలో లేదు. దాన్ని పిల్లలకు భయం లేకుండా, కారణం చెప్పి నేర్పడం మన చేతిలోనే ఉంది. రేపటి పీరియడులోనే మొదలుపెట్టవచ్చు.